ఆదరణ కూడిక తర్వాత

ఈ అక్కా తమ్ముళ్ళు నేను కల్పించినవాళ్ళు. వాళ్ళ వాదన మాత్రం కల్పన కాదు. ఒంగోలు, గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబాల్లో చావు జరిగిన ఇంట ఏదో ఒక మూల అది నడుస్తూనే ఉంటుంది. అక్క ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, చర్చి క్వయర్‌లో పాడుతుంది. తమ్ముడు జూనియర్ కాలేజీ లెక్చరరు. కుర్రతనంలో ప్రజానాట్యమండలితో తిరిగాడు, చర్చి మానేసి చాలా ఏళ్ళయింది. వాళ్ళ పిన్ని కొడుకు రాళ్ళ క్రషర్‌లో పనిచేసి, చివరికి ఊపిరాడక, యాభై దాటకుండానే పోయాడు. ఇంటివాళ్ళని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడిక ముగిసింది. షామియానా కుర్రాళ్ళు కుర్చీలు ఆటోకెక్కిస్తున్నారు.

తమ్ముడు: ఏడుగురు మాట్లాడారక్కా. ఒక్కరి నోటా దుమ్ము అనే మాట రాలేదు. ప్రభువు పిలుచుకున్నాడట! ప్రభువు పిలిస్తే ఊపిరితిత్తులు ఎక్స్‌రేలో అలా కనపడతాయా?

అక్క: మాట్లాడినవాళ్ళ సంగతి నన్నడక్కు. నేను పాట పాడాను. అంతవరకే నా పూచీ.

తమ్ముడు: పాట గురించే అడుగుతున్నా. ప్రసంగం ఎవరు వింటారు? సగంమంది ఫోన్లు చూసుకుంటుంటారు. మనిషి లోపలికి దిగేది పాటే. రాయి పగిలేటప్పుడు లేచే సన్నటి పొడి మనవాడి గుండెల్లోకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. దాని చుట్టూ ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడిపోతుంది. పని మానేసినా ఆ జబ్బు ఆగదు, మందు లేదు. నీళ్ళు చల్లుతూ రాయి ఆడిస్తే దుమ్ము చాలావరకు అణిగిపోతుంది. ఆ నీళ్ళ పైపు పెట్టించనివాడి పేరు ఇవాళ ఎవరూ ఎత్తలేదు. మీ పాటలో పరలోకం ఉంది, పైపు లేదు.

అక్క: పైపు గురించి పాడే పాటలు మీ దగ్గరున్నాయిగా. లేచి ఒకటి పాడకపోయావా?

తమ్ముడు: ఎగతాళి చెయ్యకు.

అక్క: ఎగతాళి కాదురా, నిజంగానే అడుగుతున్నా. మీ పాటలు నాకూ ఇష్టమే. కాకపోతే అవి నడిచేవాళ్ళ పాటలు. ముందు డప్పు కొడితే వెనక పదిమంది అడుగేస్తారు. మంచం మీదున్నవాడు ఎక్కడికి నడుస్తాడు? రాత్రి మూడింటికి ఆయాసం ఎక్కువై, పక్కన పెళ్ళాం తప్ప ఎవరూ లేనప్పుడు పాడుకోడానికి మీ మండలి ఒక్క పాటైనా కట్టిందా?

తమ్ముడు: (కాసేపాగి) లేదు. కట్టలేదు.

అక్క: నేననేది అదే.

తమ్ముడు: అదొక్కటే అయితే మనకి తగువే లేదు. ఆ పాట లేకపోవడం మా లోటు, ఒప్పుకుంటా. అంతమాత్రాన మీ పాటలో ఉన్నది నిజమైపోదు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ పరిశోధకులు 2013లో క్వయర్ పాడేవాళ్ళ గుండెలు కొలిచి చూశారు. కలిసి పాడుతున్నంతసేపూ గుండె వేగాలు కూడబలుక్కున్నట్టు కలిసి పెరిగాయి, కలిసి తగ్గాయి. అందరూ ఒకే చోట ఊపిరి తీసుకుంటారు కాబట్టి. ఇందులో దేవుడెక్కడ? రామభజన చేసినా అంతే, నాట్లేస్తూ పాడుకున్నా అంతే.

అక్క: అంతే అయితే నాకేం నష్టం? తిన్న అన్నం ఎలా అరిగిందో డాక్టరు చెప్పగలడు. అంతమాత్రాన వండినవాళ్ళు లేకుండా పోతారా? సరే, నువ్వు గుండె దాకా వచ్చావు కాబట్టి గొంతు సంగతి కూడా విను. ఇవాళ మొదట పాడిన రెండూ పాత కీర్తనలు. గమనించావా ఎలా పాడామో?

తమ్ముడు: నెమ్మదిగా, సాగదీసి.

అక్క: సాగదీయడం కాదు, ఆగడం. మన కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పల్లవి, చరణాలు. పురుషోత్తమ చౌదరి గారని, ఒడిశా సరిహద్దు వైపు బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకున్నాయన, అలాంటివి చాలా కట్టారు. ఆయనకి చదువుంది, సంగీతం ఉంది. మన ముత్తవ్వకి అక్షరం ముక్క రాదు. అయినా ఆ పల్లవులు ఆమెకి నోటికి వచ్చు. ఎందుకంటే అందులో ఒకరు చెప్తారు, మిగతావాళ్ళు అందుకుంటారు. చరణం దగ్గర నీ గొంతు పూడుకుపోయిందనుకో, ఊరుకుంటావు. పక్కవాళ్ళు పాడతారు. పల్లవి తిరిగొచ్చేసరికి నువ్వు మళ్ళీ కలుస్తావు. కలవలేకపోతే ఇంకో పల్లవి వస్తుంది. ఇవాళ పోయినవాడి పెళ్ళాం, మన మరదలు, ఒక్క చరణం కూడా పాడలేదు. మూడోసారి పల్లవి వచ్చినప్పుడు పెదవులు కదిలాయి. నేను చూశాను.

తమ్ముడు: చూశాను నేనూ.

అక్క: తర్వాత కుర్రాళ్ళు అందుకున్నారు, కీబోర్డూ ప్యాడ్సూ పెట్టి. ప్యాడ్ ఎవరి కోసమూ ఆగదు. ఏడుపొస్తే ఆ పాట నిన్ను దాటుకుని వెళ్ళిపోతుంది.

(ఇక్కడ నేను అక్క పక్షం. కొత్త పాటలన్నీ చెడ్డవని కాదు, వాటిలో మంచి బాణీలున్నాయి. కానీ చావింట్లో సౌండ్ బాక్సులు పెట్టడం ఎవరు మొదలుపెట్టారోగానీ, మానెయ్యడం మంచిది.)

తమ్ముడు: బాణీ బాగుందని బాధని అమ్ముకోవచ్చా? ఓదార్పు చూపించి జనాన్ని చేర్చుకోవడం ఇవాళ్టిది కాదు. మన ముత్తాతలు బాప్తిస్మం తీసుకుంది కరువులోనే కదా. గంజి పోసి మతం ఇచ్చారని ఊళ్ళో ఇప్పటికీ అంటారు.

అక్క: అనేవాళ్ళు సగం కథే చెప్తారు. 1876లో వానలు పోయాయి. 1878 దాకా జనం చచ్చిపోతూనే ఉన్నారు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకున్నాడు, మనుషులకి కూలి దొరకాలని. తవ్వే ముఠాల మీద సంఘ బోధకుల్నే పెద్దలుగా పెట్టాడు. కానీ కరువు సాయం జరిగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం చేరారనే మాట రాకూడదని. మళ్ళీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది. గంజి అయిపోయాక వచ్చినవాళ్ళని గంజి కోసం వచ్చారంటే ఎలా కుదురుతుంది?

తమ్ముడు: ఆ అంకె నాకూ కంఠతా వచ్చు, సండే స్కూల్లో చెప్పించారు. నువ్వు చెప్పిన కథలోనే చూడు, ఓదార్పు ఏది? కాలవ. రోజు కూలి. కుండలో నాలుగు గింజలు. ఊరు దూరంగా నిలబెట్టిన మాల మాదిగల్ని ఒకాయన పేరు పెట్టి పిలవడం. పాట ఆ తర్వాతి సంగతి.

అక్క: తర్వాత కాదు, దాంతోపాటే. పగలు తవ్వించిన బోధకులే పొద్దుగూకాక పక్కన కూర్చునేవాళ్ళు. బరువు మోసేవాళ్ళని తన దగ్గరికి రమ్మని క్రీస్తు పిలిచిన మాట చెప్పేవాళ్ళు. అప్పుడే నెత్తిమీంచి మట్టి తట్ట దించినవాడికి దానికి అర్థం ఎవరూ విడమరచనక్కర్లేదు.

తమ్ముడు: సరే, దాంతోపాటే. నా తగువూ అదే. అప్పుడు కాలవా ఉంది, పాటా ఉంది. ఇవాళ పాట మిగిలింది, కాలవ పోయింది.

(దీనికి అక్క వెంటనే జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేను. కరువు నాటి విశ్వాసులకి వారసులమని చెప్పుకునే సంఘాల్లో ఎన్ని ఇవాళ కూలి సంగతి, పీల్చే గాలి సంగతి పట్టించుకుంటున్నాయో ఎవరి ఊళ్ళో వాళ్ళే చూసుకోవాలి.)

అక్క: పాట మనిషిని కూర్చోబెట్టేస్తుందని కదా నీ బాధ? అలా కాని పాటలూ ఉన్నాయి. థామస్ డార్సీ అని షికాగోలో ఒక నల్లజాతి సంగీతకారుడు. 1932లో ఆయన ఊళ్ళో లేనప్పుడు భార్య ప్రసవంలో పోయింది, వెంటనే బిడ్డా పోయాడు. ఆ దుఃఖంలో చెయ్యి పట్టుకుని నడిపించమని దేవుణ్ణి అడుగుతూ పాట కట్టాడు. మార్టిన్ లూథర్ కింగ్‌కి ఎంతో ఇష్టమైన పాట అది. 1968లో ఆయన అంత్యక్రియల్లో మహాలియా జాక్సన్ పాడింది. 1955 చివర్లో మాంట్‌గోమరీలో నల్లవాళ్ళు సిటీబస్సులు ఎక్కడం మానేసి ఏడాదికి పైగా నడిచారు చూడు, సాయంత్రాలు వాళ్ళు కూడుకున్నది చర్చిల్లోనే. పాడుకుని, మర్నాడు మళ్ళీ నడిచారు.

తమ్ముడు: వాళ్ళు పాడి రోడ్డు మీదికి నడిచారు. మనవాళ్ళు పాడి బిర్యానీ దగ్గరికి నడిచారు.

అక్క: (నవ్వుతూ) బిర్యానీ నువ్వూ తిన్నావులే. మరి కారంచేడో? 1985 జూలైలో మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపితే, మిగిలినవాళ్ళు చీరాల పారిపోయొచ్చి ఎక్కడ తలదాచుకున్నారు? చర్చి ఆవరణలో. ఆదివారం పాట పాడిన చోటే పిల్లల్ని పడుకోబెట్టుకున్నారు. దళిత మహాసభ పుట్టింది ఆ తర్వాత.

తమ్ముడు: ఆవరణ ఇచ్చింది, కాదనను. కేసు నడిపింది, ఊరూరా మీటింగులు పెట్టింది మాత్రం పాట కాదు.

అక్క: పాటతో కేసు నడుస్తుందని నేనెప్పుడన్నాను? కేసు నడిచే ఏళ్ళన్నీ మనిషి బతికుండాలి కదరా!

తమ్ముడు: ఆ మాట బాగుంది.

అక్క: ఇక నన్ను పొగిడింది చాలుగానీ, ఇంకో సంగతి. నీకు మా పాటలో పైపు లేదని కోపం. నాకు అందులో ఏడుపు లేదని కోపం. ఈ మధ్య అన్నీ జయగీతాలే. గెలిచాం, లేచాం, సాతాను పారిపోయాడు. మొగుణ్ణి మొన్న మట్టిలో పెట్టొచ్చిన పిల్ల ముందు చప్పట్లు కొట్టించారు.

తమ్ముడు: ఇది నువ్వంటున్నావా?

అక్క: నేనే అంటున్నా. బైబిల్లో కీర్తనలు 150. అందులో మూడో వంతు దాకా మొరలే. ఎంతకాలం చూడాలి, ఎందుకు ముఖం చాటేశావు అని నిలదీయడమే. ఎనభై ఎనిమిదో కీర్తన చదువు, మొదట్నించీ చివరిదాకా చీకటే, ఆఖరి మాట కూడా చీకటే. అలాంటిది గ్రంథంలో ఎందుకని పెద్దలు తీసిపారెయ్యలేదు. సిలువ మీద యేసు అరిచిన కేక ఇరవై రెండో కీర్తన మొదటి మాట. ఆయన అడగొచ్చుగానీ క్రషర్ కూలివాడి పెళ్ళాం అడగకూడదా?

తమ్ముడు: జాషువా అడిగాడు. వినుకొండ క్రైస్తవ ఇంట పుట్టినవాడు. 1941లో గబ్బిలం రాశాడు. గుడి గడప తొక్కనివ్వని మనిషి, గబ్బిలానికి ఆ అడ్డు లేదు కాబట్టి, దాని చేత తన గోడు శివుడికి చెప్పి పంపుకుంటాడు. మన చర్చిలో ఎప్పుడైనా ఎవరైనా చదివారా?

అక్క: చదవలేదు. శివుడి పేరుందని చదవరు. చదవాల్సింది.

తమ్ముడు: ఏడుగురు వక్తల్లో ఒకాయన ఓడ కథ చెప్పాడు, విన్నావా? 1873లో అట్లాంటిక్‌లో ఓడ మునిగి స్పాఫర్డ్ అనే అమెరికా వకీలుకి నలుగురు కూతుళ్ళు పోయారు, అయినా నా ప్రాణానికి క్షేమమే అనే అర్థంతో ఆయన పాట రాశాడని. కథ నిజమే. కానీ అది చెప్పే తీరు చూడు. నలుగురు పోయినవాడే పాడాడు, నీకు ఒక్కడేగా పోయింది అన్నట్టు!

అక్క: ఆ కథ చావింట్లో చెప్పకూడదు. ఆయన పాట ఆయన కడుపుకోతలోంచి వచ్చింది. దాన్ని ఇంకొకరి వీపు మీద కొరడాగా వాడకూడదు. యోబు స్నేహితులు ముగ్గురూ ఏడు రోజులు, ఏడు రాత్రులు ఆయన పక్కన నేలమీద మాటాపలుకూ లేకుండా కూర్చున్నారు. అంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరిచాక చెడిపోయింది. చివర్లో దేవుడే వాళ్ళ మీద మండిపడతాడు. మనవాళ్ళు ఆ పుస్తకం మీద ఎన్ని ప్రసంగాలు చేస్తారో లెక్కలేదు, ఆ ఏడు రోజుల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

తమ్ముడు: నువ్వు చెప్పిందంతా కూడితే నా మాటే అవుతోందిగా? కలిసి పాడటం, ఆగడం, పక్కన కూర్చోవడం, నిలదీయడం. అన్నీ మనుషులు మనుషులకి చేసేవే. దేవుడి అవసరం ఎక్కడొచ్చింది?

అక్క: నిలదీయడం దగ్గర. ఎవర్ని నిలదీస్తావు? మెయిన్‌రోడ్డు మీద నిలబడి అరిస్తే అది ఒంటరి అరుపు. వినేవాడున్నాడని అరిస్తే అది మొర. కొవిడ్ రెండో వేవ్‌లో నాకు వార్డు డ్యూటీ. ఒకాయనకి ఆక్సిజన్ పడిపోతోంది. భార్యని లోపలికి రానివ్వరు. ఫోనులో పాడతానంది. స్పీకరు పెట్టి ఆయన చెవి దగ్గర పట్టుకున్నా. పాట పాడుతూ పాడుతూ మధ్యలో ఆపి, ప్రభువా నీకు కళ్ళు లేవా అని తిట్టింది. తిట్టి మళ్ళీ అందుకుని పాడింది.

తమ్ముడు: ఆయన?

అక్క: పోయాడు.

తమ్ముడు: మరి వినేవాడు విన్నట్టా?

అక్క: తెలీదు. నన్నడిగితే విన్నాడంటాను. ఎలా విన్నాడంటే చెప్పలేను. ఎనభై ఎనిమిదో కీర్తన రాసినవాడూ చెప్పలేకపోయాడు. ఇన్నేళ్ళు నర్సుగా చేశాను, పాడినవాళ్ళంతా బతకలేదు, పాడనివాళ్ళంతా పోలేదు. పాట మందని నేనెప్పుడూ అనను.

తమ్ముడు: అనేవాళ్ళున్నారు. మరదలు షుగరు మాత్రలు మానేసింది, నీకు తెలుసా?

అక్క: ఏమిటీ?

తమ్ముడు: నెల అయిందట. మొగుడి కోసం స్వస్థత కూటానికి వెళ్ళినప్పుడు ఎవరో స్టేజీ ఎక్కి సాక్ష్యం చెప్పారట, విశ్వాసం కుదిరాక మాత్రలు మోరీలో పారేశానని. ఈ పిల్లా అదే చేసింది. నువ్వు చెప్పే పల్లవి, మొర, అన్నీ బాగున్నాయక్కా. బయట నడిచే దుకాణం ఇది.

అక్క: మానమని వాక్యంలో ఎక్కడుంది? సువార్త రాసిన లూకా వైద్యుడు. ఈ ఊళ్ళో మిషన్‌వాళ్ళు గుడి ఒక్కటే కట్టి ఊరుకున్నారా, ఆసుపత్రి కట్టలేదా? ఇవాళ సాయంత్రమే మరదలికి షుగరు చూస్తా. మాత్ర మింగితే విశ్వాసం పోతుందని చెప్పినవాళ్ళని నా ముందుకి రమ్మను, నేను అడుగుతా.

తమ్ముడు: నీ మాట వింటుంది. నేను చెప్తే నాస్తికుడి మాటంటుంది. ఇంకోటి. మనవాడికొచ్చిన ఈ రాతి దుమ్ము జబ్బు, సిలికోసిస్, చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి, దానికి పరిహారం ఉంది. కానీ మనవాడి ఆసుపత్రి కాగితాల మీద టీబీ అనే ఉంది. ఇలాంటి కూలీలకి చాలామందికి అలాగే రాస్తారు. ఏం పని చేశావని అడిగేవాళ్ళుండరు, ఎక్స్‌రేలో రెండూ దగ్గర దగ్గరగా కనపడతాయి, కొందరికి రెండూ ఉంటాయి. పనిచేసినట్టు చీటీ కూడా లేదు. తోటి పనివాళ్ళు వచ్చి చెప్పాలి. భయపడుతున్నారు.

అక్క: వాళ్ళలో ముగ్గురు నలుగురు మా సంఘంవాళ్ళే. ఆదివారం మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పేవాళ్ళు లేబర్ ఆఫీసులో చెప్పలేరా? పాస్టరు అయ్యగారితో మాట్లాడతా.

తమ్ముడు: అయ్యగారు ఒప్పుకుంటారా? చర్చికి కాంపౌండు గోడ కట్టించింది ఆ క్రషర్ ఓనరేగా.

అక్క: అందుకే అయ్యగారిని విడిగా అడగను. సంఘ కమిటీలో అందరి ముందు అడుగుతా. గోడ ఇచ్చాడని వందనాలు చెప్పినవాళ్ళు నీళ్ళ పైపు కూడా పెట్టించమని చెప్పొచ్చు. నువ్వు ఎక్స్‌రేలూ పాత మందుల చీటీలూ పోగుచెయ్యి. బుధవారం మరదలింట్లో ప్రార్థన పెడుతున్నాం, ఆ పనివాళ్ళూ వస్తారు. అక్కడే మాట్లాడేద్దాం. నువ్వూ రా.

తమ్ముడు: వస్తా. పాడమనకు.

అక్క: ఎవరు పాడమన్నారు? ఫారాలు నింపు, చాలు.

ఇక పాఠకులకి నా మనవి ఒకటి. రాళ్ళ క్రషర్లలో, క్వారీల్లో పనిచేసేవాళ్ళు మీ సంఘంలో తప్పకుండా ఉంటారు. రెండు వారాలు దాటి దగ్గు తగ్గకపోయినా, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తున్నా, కళ్ళె పరీక్షతోపాటు ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమనండి. ఏ పని చేశారో, ఎన్నేళ్ళు చేశారో డాక్టరుతో చెప్పి, చీటీ మీద రాయించుకోమనండి. ఆదివారం ఆరాధన చివర ప్రకటనలు చదువుతారు కదా, అందులో ఈ రెండు వాక్యాలు కూడా చదివించండి.